స్పీడు తప్పిన ఆడియో ఫైలు: ముందు లెక్క, తరువాతే మరమ్మతు

రికార్డింగు తెరవగానే గొంతు సన్నబడి పిల్లగొంతులా వినిపిస్తుంది. లేదా నిద్రమత్తులో మాట్లాడుతున్నట్టు ప్రతి మాటా సాగుతూ వస్తుంది. అప్పుడు చాలామంది ఎడిటరు తెరిచి, స్పీడు స్లైడరు పట్టుకుని, "ఆఁ, ఇప్పుడు బాగుంది" అనిపించేదాకా అటూ ఇటూ జరుపుతారు. ఇలా చేస్తే ఫైలు సరిగ్గా బాగుపడడం అరుదు. నాలుగైదు నిమిషాలు వింటే చెవి తప్పు స్పీడుకు కూడా అలవాటు పడిపోతుంది. అసలు స్పీడు ఏ లెక్కా లేకుండా తప్పడం కూడా తక్కువే. చాలా సందర్భాల్లో దాని వెనక ఒక కచ్చితమైన నిష్పత్తి ఉంటుంది. ఆ నిష్పత్తి తేలితే తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా దిద్దాలో రెండూ తెలిసిపోతాయి. అందుకే చెవి కంటే ముందు కాలిక్యులేటరు తీయాలి.

అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: తప్పు ఫైలుదా, వినిపిస్తున్న పరికరానిదా? అదే ఫైలును ఇంకో ఫోనులోనో, ఇంకో కంప్యూటరులోనో వినాలి. అక్కడ బాగుంటే ఫైలును ముట్టుకోకూడదు. ఒక కంప్యూటరులో అన్ని ఫైళ్ళూ ఒకేలా తప్పుగా వినిపిస్తే, సౌండ్ కార్డు ఒక శాంపుల్ రేటులో (సెకనుకు ఎన్ని అంకెలు చదవాలనే లెక్క, కింద వివరంగా ఉంది), సాఫ్ట్‌వేరు ఇంకో రేటులో నడుస్తున్నాయని అర్థం. బయటి క్లాకుకు కట్టిన ఆడియో ఇంటర్‌ఫేసుల్లో (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టెల్లో) ఇది తరచు జరుగుతుంది. ఇంటర్‌ఫేసు 48,000కు లాక్ అయి ఉంటుంది, సాఫ్ట్‌వేరు మాత్రం 44,100 అనే అనుకుంటుంది.

పిచ్, అంటే శ్రుతి, మారిందా లేదా అన్నది మరో గట్టి ఆనవాలు. మాట తొందరగా వస్తున్నా గొంతు మామూలుగానే ఉంటే అది ప్లేయరు సెట్టింగు పని. పాడ్‌కాస్ట్ యాప్‌లు, వీఎల్‌సీ లాంటి ప్లేయర్లు స్పీడు పెంచినప్పుడు పిచ్‌ను చెదరకుండా కాపాడతాయి. వీఎల్‌సీలో చదరపు బ్రాకెట్ కీల మీద పొరపాటున వేలు పడినా స్పీడు మారుతుంది. స్పీడుతో పాటు పిచ్ కూడా అదే పాళ్ళలో మారితే అప్పుడు ఫైలునో, రికార్డు చేసిన తీరునో అనుమానించాలి. ఇక ఎంపీ3 నిడివి 3 నిమిషాలకు బదులు 11 నిమిషాలని చూపిస్తూ శబ్దం మాత్రం సరిగ్గా ఉంటే, అది స్పీడు సమస్యే కాదు. బిట్‌రేటు మారుతూ ఉండే ఫైలుకు మొదట్లో ఉండవలసిన సమాచారం లేక ప్లేయరు నిడివిని అంచనా వేసి చెబుతోంది, అంతే.

లేబుల్ తప్పితే ఏమవుతుంది

డిజిటల్ ఆడియోలో కాలం ఎక్కడా రాసి ఉండదు. ఉండేవి వరసగా అంకెలు, అంటే శాంపుళ్ళు. సెకనుకు ఎన్ని శాంపుళ్ళు చదవాలో ఫైలు మొదట్లో ఒక్కచోట రాసి ఉంటుంది. దాన్నే శాంపుల్ రేటు అంటారు. శాంపుళ్ళు చెక్కుచెదరకుండా ఉండి ఆ ఒక్క అంకె తప్పితే మొత్తం ఫైలు స్పీడు తప్పుతుంది. డబ్బాలో సరుకు బాగానే ఉంది, పైన చీటీ మారింది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మరమ్మతులో సగం పొరపాట్లు జరగవు.

ఎక్కువగా కలగాపులగం అయ్యేవి 44,100, 48,000. మొదటిది వీడియో టేపుల కాలం నుంచి వచ్చింది. తొలినాళ్ళలో డిజిటల్ ఆడియోను వీడియో సంకేతంగా మార్చి టేపు మీద రాసేవారు. గీతకు 3 శాంపుళ్ళ చొప్పున, 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు (ఫీల్డు అంటే వీడియోలో అర ఫ్రేము): గుణిస్తే 44,100. సెకనుకు 50 ఫీల్డుల పద్ధతిలోనూ 294 గీతలతో అదే అంకె వస్తుంది. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ దాన్నే ఖాయం చేసింది. వీడియో రంగం మాత్రం 48,000 వైపు వెళ్ళింది. అందుకే పాటల ఫైలు, వీడియో ఫైలు కలిసే ప్రతిచోటా ఈ రెండూ ఎదురెదురు పడుతూనే ఉంటాయి.

44,100తో రికార్డయిన ఫైలును 48,000గా చదివితే స్పీడు 1.0884 రెట్లవుతుంది. 4 నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోతుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్లు పైకి పోతుంది, అంటే కీబోర్డు మీద పక్క కీ దాటి, ఆ పై కీకి సగం దూరంలో ఆగినట్టు. తిరగబడితే స్పీడు 0.9188 అవుతుంది, అదే పాట 4 నిమిషాల 21 సెకన్లు సాగుతుంది. ఈ తేడా చిన్నది కాబట్టే ప్రమాదకరం. కొత్త గొంతయితే "ఆయన గొంతే అంతేమో" అనుకుని వదిలేస్తారు.

మిగతా జోడీలు ఇంత దాగి ఉండవు. 32,000 ఫైలును 48,000గా చదివితే ఒకటిన్నర రెట్లు. షడ్జమం పంచమమై కూర్చుంటుంది. 24,000ను 48,000గా, 22,050ను 44,100గా చదివితే సరిగ్గా రెట్టింపు, స్వరం పై స్థాయికి వెళ్ళిపోతుంది. 16,000తో రికార్డయిన మాటలను 48,000గా చదివితే మూడు రెట్లు. కిచకిచ తప్ప మాట తెలియదు.

నిష్పత్తిని కొలిచే దారులు

అసలు నిడివి తెలిసి ఉండడం అన్నిటికంటే సులువు. ఫైలు చూపించే నిడివితో అసలు నిడివిని భాగిస్తే నిష్పత్తి చేతికొస్తుంది. ఒక గంట ప్రసంగం 55 నిమిషాల 7 సెకన్లుగా వస్తే 3600ను 3307తో భాగించాలి: 1.0886. ఇది 1.0884కు అతుక్కున్నట్టే ఉంది కాబట్టి దోషి 44,100, 48,000ల జోడీ. ఇక్కడ కొలతలో వచ్చిన 1.0886ను వాడకూడదు, అది సూచించిన అసలు నిష్పత్తిని, అంటే 48,000 భాగించు 44,100ను వాడాలి.

నిడివి తెలియనప్పుడు కరెంటు ఆదుకుంటుంది. విద్యుత్ సరఫరా మన దేశంలో, ఐరోపాలో 50 హెర్ట్జ్, ఉత్తర అమెరికాలో 60 హెర్ట్జ్. గదిలో చేసిన చాలా రికార్డింగుల్లో ఆ గూఁ అనే రొద సన్నగా ఎక్కడో అక్కడ పడే ఉంటుంది. దాన్ని ఇలా చూడాలి. మాట మొదలు కాకముందు నిశ్శబ్దంగా ఉన్న ముక్క, కనీసం పది సెకన్లు, ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటరులో ఎంచుకోవాలి. అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, సైజు 1,31,072కు పెంచాలి. 48,000 ఫైలులో అప్పుడు ఒక్కో గడి 0.37 హెర్ట్జ్ వెడల్పే ఉంటుంది, శిఖరం ఎక్కడుందో తేటగా తెలుస్తుంది. 50 దగ్గర ఉండవలసిన శిఖరం 54.4 దగ్గర ఉంటే అదే 1.088. 45.9 దగ్గర ఉంటే 0.919. 50 దగ్గర గజిబిజిగా ఉంటే దాని గుణిజాలు చూడడం మేలు: 100, 150 దగ్గర శిఖరాలు తరచు ఇంకా స్పష్టంగా ఉంటాయి. 150 ఉండవలసిన చోట 163.3 కనిపిస్తే సందేహానికి తావు లేదు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. సరఫరా ఫ్రీక్వెన్సీ కూడా రోజంతా అటూ ఇటూ కొంచెం ఊగుతుంటుంది కాబట్టి వెయ్యిలో ఒక వంతు తేడాను రొదతో పట్టలేం. పాత టేపును డిజిటల్‌లోకి ఎక్కించినప్పుడు రెండు రొదలు కనిపించవచ్చు. ఒకటి సరిగ్గా 50 దగ్గర, ఇంకొకటి 53 దగ్గర. మొదటిది ఎక్కించిన రోజున పడినది, రెండోది అసలు రికార్డింగు నాటిది. కొలవవలసింది రెండోదాన్నే. అది పట్టుబడితే టేపు ఎంత తప్పుగా తిరిగిందో ఎవరినీ అడక్కుండానే తెలిసిపోతుంది.

రికార్డింగులో టెలిఫోను బటన్ల మోత ఉంటే అది మరీ గట్టి సాక్ష్యం. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ రెండూ కలిసి మోగుతాయి, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. అవి 838, 1454 దగ్గర కనిపిస్తే జవాబు వచ్చేసినట్టే.

చీటీ మార్చడం, సరుకు మార్చడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. శాంపుల్ రేటును "మార్చడం" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. శాంపుళ్ళను ముట్టుకోకుండా చీటీ మీద అంకె మాత్రం మార్చడం ఒకటి. దీనితో స్పీడు మారుతుంది. శబ్దం అలాగే ఉండేటట్టు శాంపుళ్ళను కొత్త రేటుకు లెక్కగట్టి మళ్ళీ రాయడం రెండోది. దీన్ని రీశాంపుల్ అంటారు, దీనితో స్పీడు మారదు. స్పీడు తప్పిన ఫైలుకు మొదటిది కావాలి. రెండోది చేస్తే తప్పు స్పీడు అలాగే మిగిలి, దాని మీద కొత్త రేటు ఎక్కుతుంది. 48,000 చీటీ ఉన్న ఫైలును కన్వర్టరులో వేసి 44,100 చేసినా స్పీడు మారలేదేమిటని తల పట్టుకునేవారంతా చేసింది ఇదే.

ఆడాసిటీలో ట్రాక్ పేరు పక్కన ఉన్న మెనూలో రేట్ అనేది చీటీ. అక్కడ 44,100 ఎంచుకోగానే తరంగం పొడవు మారి స్పీడు సరిపోతుంది. ట్రాక్స్ మెనూలో ఉండే రీశాంపుల్ రెండో పని చేస్తుంది, దాని జోలికి వెళ్ళనక్కర్లేదు. ఎగుమతి చేసేటప్పుడు రేటు 44,100గానే ఉంచి, ప్రిఫరెన్సుల్లో డిథర్‌ను (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నని రొదను) None అని పెడితే 16 బిట్ల ఫైలులో శాంపుళ్ళు ఒక్కటి కూడా మారకుండా బయటికి వస్తాయి. కమాండ్లతో నడిచే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాధనం వాడేవారికి చీటీ మార్చే ఫిల్టరు ఏసెట్‌రేట్. దానికి 44,100 ఇచ్చి, ఫైలు వీడియోలోకి వెళ్ళవలసి ఉంటే దాని వెనక ఏరీశాంపుల్ ఫిల్టరుకు 48,000 ఇస్తే సరి. ఏటెంపో ఫిల్టరు మాత్రం పిచ్ వదిలేసి నడకను మాత్రమే మారుస్తుంది. ఈ జబ్బుకు అది మందు కాదు.

వేవ్ ఫైలులో చీటీ ఎక్కడుందో కంటితో చూడవచ్చు. మామూలు వేవ్ ఫైలు మొదటి 44 బైట్లు హెడర్. సున్నా నుంచి లెక్కిస్తే 22వ బైటు దగ్గర ఛానెళ్ళ సంఖ్య, 24వ బైటు నుంచి నాలుగు బైట్లు శాంపుల్ రేటు, 28వ బైటు నుంచి నాలుగు బైట్లు సెకనుకు ఎన్ని బైట్లో చెప్పే అంకె. హెక్స్ ఎడిటరులో తెరిస్తే 48,000 అనేది 80 బీబీ 00 00గా, 44,100 అనేది 44 ఏసీ 00 00గా కనిపిస్తుంది. చిన్న బైటు ముందు వస్తుంది కాబట్టి తిరగేసినట్టు ఉంటుంది. 16 బిట్ల స్టీరియో అయితే సెకనుకు బైట్ల అంకె కూడా 1,92,000 నుంచి 1,76,400కు, అంటే 00 ఈఈ 02 00 నుంచి 10 బీ1 02 00కు మార్చాలి. అది మరిచిపోతే కొన్ని ప్లేయర్లు పట్టించుకోవు, కొన్ని నిడివిని తప్పుగా చూపిస్తాయి. వృత్తి రికార్డర్ల నుంచి వచ్చే ఫైళ్ళలో ముందు అదనపు సమాచారం ఉండి ఈ స్థానాలు వెనక్కి జరుగుతాయి. అప్పుడు ఎఫ్, ఎమ్, టీ అనే అక్షరాలను వెతికి, ఆ ఎఫ్ నుంచి 12 బైట్లు దాటితే శాంపుల్ రేటు దొరుకుతుంది. ఎనిమిది బైట్లు మారిస్తే ఎన్ని గంటల రికార్డింగయినా క్షణంలో, నష్టం లేకుండా బాగుపడుతుంది. ఇంత శుభ్రమైన మరమ్మతు ఆడియోలో ఇంకొకటి దొరకదు. అయినా కాపీ మీదే చేయాలి.

ఎంపీ3కి ఈ సౌకర్యం లేదు. దానిలో రేటు ప్రతి ఫ్రేములోనూ ఉంటుంది, పైగా ఫ్రేము పొడవు దాని మీదే ఆధారపడుతుంది. 128 కిలోబిట్ల ఎంపీ3లో 44,100 దగ్గర ఫ్రేము 417 లేదా 418 బైట్లు, 48,000 దగ్గర 384. అంకె మారిస్తే ప్లేయరుకు తరువాతి ఫ్రేము ఎక్కడుందో దొరకదు. కాబట్టి వేవ్‌గా విప్పి, చీటీ మార్చి, వీలైతే ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాటు) దాచుకోవాలి. మళ్ళీ ఎంపీ3గానే కావాలంటే అసలు దానికంటే ఎక్కువ బిట్‌రేటు ఇవ్వాలి. ఎంపీ3ని ఎంపీ3గా తిప్పిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

చీటీ పద్ధతి వీలుకాక ఎఫెక్టుతో స్పీడు మార్చవలసి వస్తే శాతం దగ్గర జాగ్రత్త. 8.844 శాతం పెరిగినదాన్ని 8.844 శాతం తగ్గిస్తే మొదటికి రాదు. తగ్గించవలసింది 8.125 శాతమే. ఈ పొరపాటుతో గంట రికార్డింగు 28 సెకన్లు ఎక్కువ వస్తుంది, వీడియోతో పెదవులు ఎప్పటికీ కలవవు. మాటా పిచ్చూ కలిసి మారే చేంజ్ స్పీడ్ ఎఫెక్టునే వాడాలి. చేంజ్ టెంపోతో సాగదీసి, చేంజ్ పిచ్‌తో దించితే తాళాల మోత అలుక్కుపోతుంది, గొంతు గొట్టంలోంచి వచ్చినట్టుంటుంది.

హెడరే లేని రా ఫైళ్ళ సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. మోనోను స్టీరియోగా చదివితే ఒక శాంపులు ఎడమకు, ఒకటి కుడికి పోయి స్పీడు రెట్టింపవుతుంది. స్టీరియోను మోనోగా చదివితే సగమవుతుంది. రా డేటా దిగుమతిలో ఛానెళ్ళు సరిచేస్తే చాలు. శబ్దం గరగరమంటూ ఏమీ తెలియకపోతే అది స్పీడు కాదు, బిట్ల సంఖ్యో బైట్ల వరసో తప్పింది.

వీడియో, టేపు, డిస్కు

సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. 25 ఫ్రేముల టీవీ పద్ధతిలోకి మార్చేటప్పుడు ఫ్రేములను అలాగే కాస్త వేగంగా నడపడం పాత అలవాటు. స్పీడు 1.0417 రెట్లు, రెండు గంటల సినిమా 1 గంట 55 నిమిషాల 12 సెకన్లు, శ్రుతి ముప్పావు సెమీటోనుకు కొద్దిగా తక్కువ పైకి. 48,000 ఫైలయితే చీటీ 46,080 చేసి, తిరిగి 48,000కు రీశాంపుల్ చేస్తే మొదటికి వస్తుంది. కొన్ని మార్పిళ్ళలో పిచ్‌ను ముందే సరిచేసి ఉంచుతారు. అలాంటిదాన్ని ఇలా దించితే పాటలు కిందికి జారిపోతాయి. అదే సంగీతం వేరే ప్రతిలో దొరికితే రెండూ పోల్చి చూశాకే చేయి పెట్టాలి.

24కు, 23.976కు మధ్య తేడా వెయ్యిలో ఒకటి. చెవికి తెలియదు, కానీ గంటకు 3.6 సెకన్లు జరుగుతుంది. వీడియో మొదట్లో సరిపోయి చివరికి మాట దూరమైపోతుంటే, గంటకు ఎంత జరిగిందో కొలిచి ఈ అంకెతో పోల్చి చూడాలి.

గ్రామఫోను డిస్కుల్లో నిమిషానికి 33⅓ సార్లు తిరగవలసినది 45 సార్లు తిరిగితే 1.35 రెట్లు. 78ల డిస్కు తిప్పే యంత్రం లేక 45లో తిప్పి ఎక్కించేవారున్నారు. 48,000తో ఎక్కించి ఉంటే చీటీని 83,200 చేస్తే స్పీడు సరిపోతుంది. ఇక్కడ ఒక చిక్కు: ప్రీయాంప్ (డిస్కు సన్నని సంకేతాన్ని పెంచే పరికరం) ఇచ్చే ఈక్వలైజేషన్, అంటే మంద్ర తార ధ్వనుల సవరణ, తప్పు స్పీడులో పడింది కాబట్టి శబ్దం స్వభావం పూర్తిగా రాదు. ఈక్వలైజేషన్ లేకుండా ఎక్కించి, స్పీడు దిద్దాక వేయడం సరైన దారి. పైగా పాత డిస్కులన్నీ సరిగ్గా 78 కావు. తొలినాటివి 70 నుంచి 80 పైదాకా రకరకాలుగా ఉన్నాయి, వాటికి శ్రుతిని బట్టి లెక్కించక తప్పదు.

రీలు టేపుల్లో స్పీడులు ఒకదానికి ఒకటి రెట్టింపు: సెకనుకు 4.76, 9.53, 19.05, 38.1 సెంటీమీటర్లు. యంత్రానికి తక్కువ స్పీడు లేకపోతే రెట్టింపులో తిప్పి 96,000తో ఎక్కించి, చీటీని 48,000 చేయడం చక్కటి ఉపాయం.

గడియారాల తేడా వేరే రకం. కెమెరా ఒకటి, రికార్డరు ఒకటి విడివిడిగా నడిస్తే రెండింటి లోపలి గడియారపు క్రిస్టళ్ళూ ఒకేలా కొట్టుకోవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను, అంటే 25 ఫ్రేముల వీడియోలో నాలుగున్నర ఫ్రేములు. మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చప్పట్లు కొట్టించడం ఇందుకే. రెండు చప్పట్ల మధ్య కెమెరాలో 3480.000 సెకన్లు, రికార్డరులో 3480.348 ఉంటే రికార్డరు ఆడియోను 1.0001 రెట్లు నడపాలి. సాక్స్ అనే ఉచిత ఆడియో సాధనంలోని స్పీడ్ ఎఫెక్టు ఈ దశాంశాన్ని అలాగే తీసుకుంటుంది.

ఇదంతా చేశాక కూడా మొదలు, చివర కలిసి మధ్యలో కలవకపోతే స్పీడును అనుమానించడం ఆపాలి. రొద 50 దగ్గరే నిలకడగా ఉంది, నిడివి మాత్రం తగ్గింది అంటే రికార్డయ్యేటప్పుడు శాంపుళ్ళు జారిపోయాయి. తరంగాన్ని దగ్గరగా పెద్దది చేసి చూస్తే గీత హఠాత్తుగా తెగి ఇంకోచోట మొదలైన చోట్లు కనిపిస్తాయి. అక్కడక్కడ చిన్న నిశ్శబ్దాలు చేర్చి జరపాలే తప్ప మొత్తాన్ని సాగదీయకూడదు.

అన్నిటికంటే ఓపిక పరీక్షించేది బ్యాటరీ అయిపోతుండగా చేసిన క్యాసెట్టు. రికార్డు చేసేటప్పుడు మోటారు నెమ్మదించింది కాబట్టి, సరైన స్పీడులో వింటే చివరికి వచ్చేకొద్దీ గొంతు పైకి లేస్తుంది. ఒకే నిష్పత్తి ఇక్కడ పనికిరాదు. దగ్గర్లోని వైర్ల రొద ఏదైనా పడి ఉంటే ప్రతి రెండు మూడు నిమిషాలకూ దాన్ని కొలిచి రాసుకోవాలి: 50.0, 50.6, 51.5, 53.0. ఆడాసిటీలో టైమ్ ట్రాక్ అనే ప్రత్యేక ట్రాక్ చేర్చి, ఆ సమయాల దగ్గర 50ని ఆ కొలతతో భాగించిన శాతం పెట్టాలి: 100, 98.8, 97.1, 94.3. బిందువుల మధ్య స్పీడు నునుపుగా మారుతూ పోతుంది, పిచ్ దానితోనే దిగుతుంది. టైమ్ ట్రాక్ మామూలుగా 90 నుంచి 110 శాతం దాకానే అనుమతిస్తుంది, బ్యాటరీ మరీ చచ్చి ఉంటే ఆ హద్దును ముందే పెంచుకోవాలి. ఎగుమతి చేసిన ఫైలులో మళ్ళీ అవే చోట్ల రొద కొలవాలి. ఏ బిందువు దగ్గరైనా 50కి అర హెర్ట్జ్ కంటే దూరంగా ఉంటే ఆ బిందువు ఒక్కటే జరిపి, మొదటి ఎగుమతి మీద కాకుండా అసలు ఫైలు మీదే మళ్ళీ నడపాలి.